జేబులో మడత చాకు: ఎంచుకోవడం, చూసుకోవడం, వెంట పెట్టుకోవడం

ఈ వ్యాసం పాతకాలపు మడత చాకుల గురించి. ఒకటో రెండో మూడో బ్లేడులు, వాటి వెనక ఒక ఉక్కు స్ప్రింగ్, రెండు పక్కలా ఎముకో జంతువుల కొమ్మో కర్రో. తెరిచిన బ్లేడు మడుచుకోకుండా ఆపే లాక్ ఉండదు, జేబుకి తగిలించే క్లిప్పు ఉండదు. గోటితో బ్లేడు పట్టి లాగి తెరవాలి, రెండు చేతులతో మూయాలి. ఈ అమరిక వందేళ్లకు పైగా పెద్దగా మారలేదు.

వీటి మీద ఇష్టం పుట్టినవాళ్లు చాలామంది వరసపెట్టి కొంటారు. సొరుగు నిండుతుంది గానీ అందులో ఒక్క చాకు సంగతీ వాళ్లకి పూర్తిగా తెలియదు. అందుకే నా సలహా ఇది: ముందు ఒకటి కొనండి. కొన్ని నెలలు జేబులో పెట్టుకుని వాడండి. పదును పెట్టండి, తుడవండి, నూనె వేయండి. ఆ తర్వాతే రెండోది. మంచి చాకు ఏదో మీ చేతికి తెలిశాక కొన్నవే తర్వాత నిలుస్తాయి.

ముందు చట్టం చూడండి

చాకు ఇంట్లో ఉంచుకోవడం వేరు, వెంట తీసుకెళ్లడం వేరు. చాలా దేశాల్లో రెండింటికీ వేర్వేరు నియమాలు ఉంటాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం ప్రకారం, పదునంచు 3 అంగుళాలు మించని, లాక్ పడని మడత చాకును కారణం చూపకుండానే వెంట ఉంచుకోవచ్చు. అదే చాకుకి లాక్ ఉంటే సరైన కారణం చూపించాల్సిందే. జర్మనీలో ఒంటిచేత్తో తెరిచి లాక్ పడే మడత చాకుల మీద ఆంక్షలు ఉన్నాయి. లాక్ లేని, గోటితో తెరిచే చాకును చట్టాలు తరచు కాస్త మెత్తగా చూస్తాయి, కానీ అన్నిచోట్లా అంతే అనుకోకండి. మీరుండే ప్రాంతంలో బ్లేడు పొడవు ఎంతవరకు ఒప్పుకుంటారో, పోలీసులు విడిగా ఏమైనా ఆదేశాలు ఇచ్చారో తెలుసుకున్నాకే కొనండి.

బడులు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, సెక్యూరిటీ తనిఖీ ఉండే చోట్లు: వీటికి వెళ్లే రోజున చాకు ఇంట్లోనే ఉండాలి. విమానం ఎక్కేటప్పుడు చేతి సంచిలో వద్దు, చెక్-ఇన్ లగేజీలో వేయండి. ప్రయాణానికి ముందు రాత్రే జేబులు, బ్యాగు చిన్న అరలు వెతకడం అలవాటు చేసుకుంటే ఎయిర్‌పోర్టులో టెన్షన్ ఉండదు. అక్కడ వదిలేసిన చాకు తిరిగి రావడం అరుదు.

మొదటి చాకు ఎంచుకోవడం

మీరు రోజూ కోసేవి ఏమిటో ఆలోచించండి. పార్సిల్ టేపు, పురికొస, కవరు, పండు, పెన్సిల్. వీటన్నిటికీ 6, 7 సెంటీమీటర్ల బ్లేడు సరిపోతుంది. మొదటి చాకుకి ఒక్క బ్లేడు చాలని నా అభిప్రాయం. బ్లేడులు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది, ఒకదానికొకటి ఒరుసుకుంటాయి, మధ్యలో దుమ్ము చేరుతుంది. పైగా తయారీలో లోపాలకి చోటు ఎక్కువ.

తక్కువ ఖర్చులో మొదలుపెట్టేవాళ్లకి ఫ్రెంచి ఒపినెల్ మంచి దారి. జోసెఫ్ ఒపినెల్ 1890లో సవోయ్ ప్రాంతంలో దీన్ని తయారుచేశాడు. 1897లో 1 నుంచి 12 వరకు సైజులు వచ్చాయి. ఇందులో వెనక స్ప్రింగ్ ఉండదు, కర్ర పిడి బిగువే బ్లేడును పట్టి ఉంచుతుంది. బ్లేడును నిలిపే ఉక్కు రింగు 1955లో చేరింది. కాబట్టి లాక్ విషయంలో మీ చట్టం ఏమంటుందో చూసుకోవాలి. తడి తగిలితే కర్ర ఉబ్బి బ్లేడు బయటికి రానని మొండికేస్తుంది. అప్పుడు రింగు తెరిచి, పిడి వెనక కొసను గట్టి బల్ల మీద ఒక్కసారి కొడితే గోటికి అందేంత బయటికి వస్తుంది. సవోయ్ వాళ్లు చేసే పని అదే.

స్ప్రింగ్ ఉన్నదే కావాలంటే స్విట్జర్లాండ్ విక్టొరినాక్స్‌లో అల్యూమినియం పిడి ఉన్న కేడెట్ చూడండి. మూస్తే 84 మిల్లీమీటర్లు, జేబులో ఉన్నట్టే తెలియదు, తుప్పు బెడద తక్కువ. ఇంకాస్త పాత వాసన కావాలంటే బార్లో. పిడి ముందు భాగంలో ఉండే లోహపు తొడుగును బోల్‌స్టర్ అంటారు. బార్లోలో అది చాలా పొడవుగా ఉండి, మడత దగ్గర చాకును గట్టిగా ఉంచుతుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టిన ఈ రూపం అమెరికాలో ఇంటింటి చాకుగా మారింది.

బ్లేడు రూపాలు ఒక్కొక్కటీ ఒక్కో పని కోసం వచ్చినవే. మూడు బ్లేడుల స్టాక్‌మన్ చూడండి, పశువుల కాపరి అవసరాలన్నీ అందులో కనిపిస్తాయి. మొన సన్నగా ఉండే క్లిప్ బ్లేడు అన్ని పనులకీ. తిన్నని అంచుతో, మొన లేని షీప్‌ఫుట్ బ్లేడు ఆనించి కోయడానికి. మొన మొద్దుగా ఉండే స్పే బ్లేడు పశువులకు విత్తులు కొట్టడానికి, మొన గుచ్చుకోకుండా. ట్రాపర్‌లో పొడవాటి బ్లేడులు రెండు, క్లిప్ ఒకటి, స్పే ఒకటి. పీనట్ అరచేతిలో దాగిపోయేంత చిన్నది, అందరి మధ్య తీసినా ఎవరూ ఉలిక్కిపడరు.

ఇక ఉక్కు సంగతి. కార్బన్ స్టీలు సులువుగా పదునెక్కుతుంది, కానీ తడి వదిలేస్తే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ ఓర్చుకుంటుంది. వాడాక తుడిచే ఓపిక ఉంటే కార్బన్ తీసుకోండి. చాకును ఎలా చూసుకోవాలో అదే నేర్పుతుంది. చెమట ఎక్కువ పట్టేవాళ్లకి, సముద్రం దగ్గర ఉండేవాళ్లకి స్టెయిన్‌లెస్ నయం.

చేతిలోకి తీసుకుని పరీక్షించడం

ఈ పనిలో తొందరపడకండి. కొత్తదైనా పాతదైనా ఇదే వరస.

మొదట మూసి ఉన్న చాకును చూడండి. బ్లేడు మొన పిడి లోపలికి పూర్తిగా దిగి ఉండాలి. కొంచెం పైకి పొడుచుకొచ్చినా జేబులో చెయ్యి పెట్టినప్పుడు గీసుకుంటుంది. తర్వాత వెలుతురుకి అడ్డంగా పట్టుకుని స్ప్రింగ్‌కీ పిడి లోపలి పక్కరేకులకీ మధ్య చూడండి. సన్నటి వెలుగు గీత కనిపిస్తే అమరిక వదులన్నమాట. వాడుకకి అది పెద్ద లోపం కాదు, కానీ అడిగిన ధర ఎక్కువైతే ఆలోచించండి.

ఇప్పుడు నెమ్మదిగా తెరవండి. గోటి గాడిలో గోరు పెట్టి లాగినప్పుడు స్ప్రింగ్ బిగువు చేతికి తెలుస్తుంది. గోరు విరిగేంత బిగువు గొప్ప కాదు. అలాగని బ్లేడు జారిపోయేంత వదులు ప్రమాదం. కొన్ని చాకుల్లో బ్లేడు సగం తెరుచుకున్నాక, నిలువుగా ఉన్నప్పుడు ఒక చోట ఆగుతుంది. దాన్ని హాఫ్ స్టాప్ అంటారు. మూసేటప్పుడు వేళ్లు తప్పించుకోవడానికి అది ఒక క్షణం ఇస్తుంది. అందుకే కొత్తవాళ్లకి అది ఉన్నదే చెబుతాను.

పూర్తిగా తెరుచుకున్నప్పుడు టక్కుమని ఒక స్పష్టమైన చప్పుడు రావాలి. సేకరించేవాళ్లు దీన్ని వాక్ అండ్ టాక్ అంటారు: బ్లేడు సాఫీగా కదలడం వాక్, చివర్లో ఆ చప్పుడు టాక్. చప్పుడు మందంగా వస్తే లోపల దుమ్మో, ఎండిన నూనో, అలసిన స్ప్రింగో ఉంటుంది. మొదటి రెండూ బాగుచేసుకోవచ్చు. స్ప్రింగ్ అలసిపోతే ఇంట్లో చేయగలిగింది లేదు.

తెరిచిన బ్లేడును రెండు వేళ్లతో పట్టి పక్కలకి కదిపి చూడండి. పక్కలకి ఊగితే ఇరుసు అరిగిందన్నమాట. పైకీ కిందికీ ఊగితే ఇంకా చెడ్డది. తర్వాత తెరిచినప్పుడు, మూసినప్పుడు స్ప్రింగ్ వీపు పిడి వీపుతో సమంగా ఉందో లేదో వేలు రాసి చూడండి. మంచి పనివాడి చేతిలో తయారైన చాకులో వేలికి ఏ మెట్టూ తగలదు. చివరగా ఎముక పిడిలో రివెట్ల (పిడిని బిగించే మేకుల) చుట్టూ చూడండి. వెంట్రుకంత చీలిక మొదలయ్యేది అక్కడే.

ఫ్రాన్స్‌లోని లాయోల్ చాకుల విషయంలో ఒక జాగ్రత్త. మూసేటప్పుడు బ్లేడును స్ప్రింగ్ బలానికి వదిలేస్తే కొన్నిటిలో పదునంచు లోపలి స్ప్రింగ్‌కి తగిలి మొద్దుబారుతుంది. చేత్తో పట్టి నెమ్మదిగా దించండి. ఇంకో సంగతి: లాయోల్ ఒక ఊరి పేరు, ఒక చాకు రూపం పేరు కూడా. దాన్ని ఎక్కడెక్కడివాళ్లో వాడుకున్నారు. కాబట్టి బ్లేడు మీద ఆ పేరు ఉన్నంత మాత్రాన అక్కడ తయారైందని అనుకోకండి. అసలు తయారీదారు ఎవరో కనుక్కోండి.

పాత చాకుల ముద్రలు చదవడం

బ్లేడు మొదట్లో, పదును మొదలయ్యే ముందున్న మందపాటి చోట తయారీదారు ముద్ర ఉంటుంది. చాకు వయసు ముందుగా తెలిసేది అక్కడే. భూతద్దం కొనుక్కోండి, అది చాకు కంటే ముందు కొనాల్సిన వస్తువు.

అమెరికాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో తయారయ్యే కేస్ కంపెనీ చాకులు నేర్చుకోవడానికి వీలైనవి. బ్లేడు మీది అంకెల్లో మొదటిది పిడి దేనితో చేశారో, రెండోది ఎన్ని బ్లేడులో, మిగిలినవి రూపం సంఖ్యను చెబుతాయి. 6318 అంటే గాట్లు పెట్టిన ఎముక పిడి, మూడు బ్లేడులు, 18వ నంబరు రూపం, అంటే మధ్య సైజు స్టాక్‌మన్. ఇక 1970లో ముద్ర కింద 10 చుక్కలు పెట్టి, ఆ తర్వాత ఏడాదికి ఒక చుక్క తగ్గిస్తూ వచ్చారు. 1971 చాకుకి 9 చుక్కలు, 1974 చాకుకి 6. చుక్కలు లెక్కపెట్టి ఏడాది చెప్పగలిగినప్పటి సంతోషమే చాలామందిని ఈ సేకరణలోకి లాగుతుంది.

దేశం పేరు కూడా ఒక ఆధారం. 1890 నాటి మెకిన్లీ టారిఫ్ చట్టం వల్ల, అమెరికాకి వచ్చే దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు 1891 నుంచి తప్పనిసరి అయింది. అందువల్ల జర్మనీ అని ముద్ర ఉన్న, అక్కడి సోలింగెన్ ఊరి చాకు సాధారణంగా ఆ తర్వాతిది. దేశం పేరు లేనంత మాత్రాన అంతకంటే పాతదని తేల్చేయకండి. వేరే మార్కెట్ల కోసం చేసిన వాటికి ఆ నియమం లేదు.

పాత చాకుకి విలువ నిలిచేది బ్లేడు అరగకుండా ఉన్నప్పుడే. ఏళ్లతరబడి నూరితే బ్లేడు సన్నబడి, మూసినప్పుడు పిడిలో మరీ లోతుగా కూర్చుంటుంది. అదే రూపం కొత్త చాకు ఫొటో పక్కన పెట్టి పోల్చండి, తేడా వెంటనే తెలుస్తుంది. మెరుపు చూసి మోసపోకండి. మెషీన్ మీద పాలిష్ పట్టిన పాత చాకులో ముద్ర అంచులు కరిగినట్టు మొద్దుగా కనిపిస్తాయి, బోల్‌స్టర్ అంచులు గుండ్రబడతాయి. దుమ్ము పట్టి నల్లబడిన చాకే అలాంటిదానికంటే మేలు. ముద్ర పదునుగా ఉండి దాని చుట్టూ ఉన్న ఉక్కు మాత్రం విడిగా రుద్దినట్టుంటే, అది తర్వాత కొట్టిన దొంగ ముద్ర కావచ్చు. పిడి కొత్తగా, స్ప్రింగ్ బాగా పాతగా ఉంటే ఎవరో పిడి మార్చారు. మార్చడం తప్పు కాదు, చెప్పకుండా అమ్మడం తప్పు. నేరుగా అడగండి.

పిడి ఏనుగు దంతమైతే వదిలేయండి. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కింద దాన్ని సరిహద్దు దాటించడం మీద కఠినమైన నియంత్రణ ఉంది. దుప్పి కొమ్ము పిడుల విషయంలో కూడా మీ దేశపు వన్యప్రాణి చట్టం చూసుకున్నాకే ముందుకెళ్లండి. ఎముక, కర్ర, మికార్టా (గుడ్డనో కాగితాన్నో జిగురుతో అతికించి గట్టిపరిచిన పదార్థం) పిడులతోనే గొప్ప సేకరణ చేయవచ్చు.

శుభ్రం చేయడం, నూనె, రంగు

కార్బన్ స్టీలు వాడుతుంటే బూడిద రంగూ నీలమూ కలిసిన పొర వస్తుంది. దీన్ని పటీనా అంటారు. పుల్లటి పండ్లు కోస్తే త్వరగా వస్తుంది. అది చెడు కాదు, ఎర్ర తుప్పును కొంత ఆపుతుంది కూడా. దాన్ని తోమేయకండి. ఎర్రగా, గరుకుగా ఉన్నది మాత్రం తుప్పు. దాని మీద నూనె చుక్క వేసి కొన్ని గంటలు ఉంచి, అన్నిటికంటే సన్నని స్టీల్ ఊలుతో మెల్లగా రుద్దండి. ముద్ర ఉన్న చోట రుద్దకండి.

మడతలో దుమ్ము చేరితే పంటిపుల్లకి గుడ్డ చుట్టి తీయండి. తర్వాత ఇరుసు దగ్గర ఒక చుక్క నూనె వేసి, పదిసార్లు తెరిచి మూసి, బయటికొచ్చిన నల్లటి మడ్డిని తుడవండి. మడ్డి రావడం ఆగేదాకా మళ్లీ అదే. పండ్లు కోసే చాకుకి మందుల షాపులో దొరికే లిక్విడ్ ప్యారఫిన్ వాడండి. వంటనూనె వద్దు, కొన్నాళ్లకి జిగురుగా మారి స్ప్రింగ్‌ని పట్టేస్తుంది. చాకును నీళ్లలో నానబెట్టకండి, వేడినీళ్లలో అసలే వద్దు. ఎముక, కర్ర ఉబ్బి రివెట్ల దగ్గర చీలతాయి.

పదును

సానరాయి మీద చేత్తో నూరడం నేర్చుకోండి. కార్బైడ్ పళ్ల మధ్య లాగే చిన్న పరికరాలు బ్లేడును చెక్కేస్తాయి, పలచటి పాత బ్లేడు వాటికి తట్టుకోలేదు. 1000 గ్రిట్ (రాయి గరుకుతనం కొలత) రాయి ఒక్కటి చాలు. బ్లేడును రాయికి 15 నుంచి 20 డిగ్రీల వాలులో పట్టండి. ముఖ్యమైంది అంకె కాదు, మొదటి నుంచి చివరి దాకా అదే వాలు ఉంచడం. ఒక పక్క నూరుతూ ఉంటే రెండో పక్క అంచున సన్నటి గరుకు తేలుతుంది, గోటికి తగులుతుంది. అంచు పొడవునా అది వచ్చాకే పక్క మార్చండి. రెండు వైపులా అయ్యాక ఒత్తిడి తగ్గించి మార్చి మార్చి నాలుగైదుసార్లు లాగి, చివర్లో పాత తోలు బెల్టు మీద అంచు వెనక్కి ఉండేలా లాగితే గరుకు పోతుంది.

ఎప్పుడూ వాడని పాత చాకు మీ దగ్గరుంటే దానికి పదును పెట్టొద్దు. ఫ్యాక్టరీ అంచు మీద ఒక్క గీత పడినా ఇక అది వాడిన చాకే. వాడేవి వేరు, దాచేవి వేరు అని ముందే నిర్ణయించుకోండి.

వెంట పెట్టుకోవడం, వాడటం

తాళాలు, చిల్లర ఉన్న జేబులో వేయొద్దు. పిడి గీతలు పడుతుంది, బోల్‌స్టర్ సొట్టలు పోతుంది. మెత్తటి తోలు పర్సులాంటి చిన్న ఒర ఉంటే జేబులో అడ్డం తిరగకుండా నిలువుగా ఉంటుంది. లేకపోతే రుమాలులో చుట్టండి. సాయంత్రం జేబులు ఖాళీ చేసేటప్పుడు ఒకసారి తెరిచి తుడిస్తే చాలు. జేబు నూలు పోగులు చెమట తడిని పట్టి ఉంచుతాయి, తుప్పు మొదలయ్యేది అందువల్లే.

లాక్ లేదన్న సంగతి ఎప్పుడూ గుర్తుండాలి. బ్లేడు వీపు మీద బలం పడే పని చేయకండి. గుచ్చడం, తిప్పడం, మూతలు పైకి లేపడం ఈ చాకుల పని కాదు. ఇరుక్కున్న బ్లేడును వెనక్కి లాగేటప్పుడే అది వేళ్ల మీదికి మడుచుకుంటుంది. మూసేటప్పుడు పిడిని వేళ్ల కొసలతో పక్కల నుంచి పట్టుకుని, రెండో చేతి అరచేత్తో బ్లేడు వీపును నెట్టండి. బ్లేడు దిగే దారిలో ఏ వేలూ ఉండకూడదు.

పక్కన మనుషులుంటే ఏం కోయబోతున్నారో చెప్పి నెమ్మదిగా తీయండి. పని కాగానే మూసేయండి. ఆడుకుంటున్నట్టు తెరుస్తూ మూస్తూ కూర్చోవద్దు. మీకది అలవాటు, ఎదుటివారికి భయం. ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే మూసి ఇవ్వండి.

దాచడం, రాసుకోవడం

తోలు ఒరలో రోజువారీ తిరగడం వరకే, నెలల తరబడి అందులో దాచకండి. తోలు తడిని పీలుస్తుంది, తోలు తయారీలో వాడిన రసాయనాలు ఉక్కుని తింటాయి, ఇత్తడి రేకుల మీద పచ్చటి చిలుము తెస్తాయి. నూనె పలచగా రాసి, పొడి గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెట్టండి. మూడు నాలుగు నెలలకోసారి తీసి చూడండి.

పాత సెల్యులాయిడ్ పిడులున్న చాకులను మాత్రం మిగతావాటితో కలపొద్దు. ఆ ప్లాస్టిక్ వయసు మీద పడేకొద్దీ విడిపోతూ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి తన బ్లేడునే కాదు, పక్కనున్న చాకుల్ని కూడా తినేస్తుంది. పిడి మీద సన్నటి పగుళ్లు, ఘాటైన వాసన, కారణం లేకుండా ఒకవైపే తుప్పు కనిపిస్తే అది మొదలైనట్టే. అలాంటిదాన్ని గాలి ఆడే చోట విడిగా, నిప్పుకి దూరంగా ఉంచండి. సెల్యులాయిడ్ త్వరగా అంటుకుంటుంది.

ప్రతి చాకుకీ ఒక పేజీ పెట్టుకోండి. ముద్ర ఫొటో, తెరిచి ఒకటి, మూసి ఒకటి. ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నారో, ఎంత పెట్టారో, పిడి దేనితో చేశారో, అప్పటికే ఉన్న లోపాలు ఏమిటో. ఎవరి నుంచైనా వారసత్వంగా వచ్చినదైతే వాళ్లు దాన్ని దేనికి వాడేవారో అడిగి రాసుకోండి. ఆ పేజీ ప్రింటు తీసి చాకు ఉన్న డబ్బాలోనే పెడితే, మీ తర్వాత దాన్ని తెరిచేవారికి వెతుక్కునే పని ఉండదు.